వచ్చే బుధవారం నాటి మినిట్స్

ఈ మధ్య మా పాత ఆఫీసులో కొత్తగా చేరిన ఇద్దరు ఇంజినీర్లు మా ఇంటికి వచ్చారు. కాఫీలయ్యాక వాళ్ళలో ఒకమ్మాయి, "సార్, మీ సర్వీసులో అన్నిటికంటే పెద్ద కేసు ఏదండీ?" అని అడిగింది. ఏదో ఒక ఫ్యాక్టరీకి నేను తాళం వేయించిన వైనం వినాలని ఆశపడినట్టుంది. అలాంటివి రెండు మూడు ఉన్నాయి గానీ, వాటిలో నేను చేసిందల్లా పైనుంచి వచ్చిన ఆర్డరు పట్టుకెళ్ళి గేటుకు అంటించి రావడమే. అందుకని, నేను నలుగురిలో పరువు పోగొట్టుకున్న ఒక రోజు సంగతి చెప్పాను. ఇద్దరూ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు. వాళ్ళు వెళ్ళాక మా ఆవిడ, "ఆ కథేదో కాగితం మీద పెట్టెయ్యండి, వచ్చినవాళ్ళకల్లా చెబుతూ నన్ను చంపకుండా" అంది. అందుకే ఇది రాస్తున్నాను.

మాది కాలుష్యం సంగతి చూసే సర్కారు బోర్డు. దానికి విజయవాడలో ఒక ప్రాంతీయ కార్యాలయం. జనం మమ్మల్ని 'పొల్యూషన్ ఆఫీసోళ్ళు' అంటారు. మేం తలచుకుంటే ఏ ఫ్యాక్టరీనైనా సాయంత్రానికల్లా మూయించగలమని ఊళ్ళవాళ్ళు అనుకుంటారు. మేం లేకపోతే ఈ దేశం ఎప్పుడో బాగుపడిపోయేదని ఫ్యాక్టరీల వాళ్ళు అనుకుంటారు. హెడ్డాఫీసు వాళ్ళేమో మమ్మల్ని పోస్టాఫీసు అనుకుంటారు. ముగ్గురిలోకీ హెడ్డాఫీసు వాళ్ళే నిజానికి కాస్త దగ్గరగా ఉన్నారు. మేం వెళ్తాం, చూస్తాం, సీసాల్లో నీళ్ళు పట్టుకొస్తాం, రిపోర్టు రాస్తాం. నిర్ణయం ఎప్పుడూ పైవాళ్ళదే.

ఒక్క పని మాత్రం పూర్తిగా మా చేతుల్లో ఉండేది. ఏదైనా ఫ్యాక్టరీ కొత్తగా రావాలన్నా, ఉన్నది పెద్దది కావాలన్నా, ముందు ఆ ఊళ్ళో ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. దాన్ని జరిపించేది మేమే. పెళ్ళి చేయించే పంతులు లాంటివాళ్ళం అన్నమాట. తాళి కట్టేదీ మేం కాదు, కట్టించుకునేదీ మేం కాదు, కానీ మేం లేకుండా అది పెళ్ళి కాదు. జిల్లా నుంచి కలెక్టరు గారో జాయింట్ కలెక్టరు గారో వచ్చి అధ్యక్షత వహిస్తారు. ఊరివాళ్ళు మైకులో చెప్పుకోవలసింది చెప్పుకుంటారు. చివర్లో, ఎవరెవరు ఏమేం చెప్పారో రాసిన మినిట్స్‌ను తెలుగులో అక్కడికక్కడే అందరికీ చదివి వినిపించి సంతకాలు చేయాలి. ఆ కాగితమే పైకి వెళ్తుంది. అనుమతి ఇచ్చే పెద్దలు ఆ ఊరు చూడరు, ఆ మనుషులతో మాట్లాడరు. ఆ కాగితంలో ఉన్నది వాళ్ళకు తెలుస్తుంది, లేనిది తెలియదు.

ఇంత ముఖ్యమైన కాగితాన్ని నేను ముందురోజే ఆఫీసులో టైపు చేయించి పట్టుకెళ్ళేవాణ్ణి.

మీరు మరీ అలా చూడకండి. దానికి నా దగ్గర కారణం ఉంది. సభ అయ్యేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటుతుంది. షామియానా కింద ఉక్క, ఆకలి. అప్పుడు కూర్చుని రాయడం మొదలుపెడితే పెద్దవాళ్ళు విసుక్కుంటారు. పైగా అప్పటికి ఇరవై సభలు జరిపించిన అనుభవం నాది. ఏ ఊరెళ్ళినా అవే మాటలు. మా పిల్లలకు ఉద్యోగాలివ్వాలి, మొక్కలు నాటాలి, రోడ్డు వేయాలి, మెడికల్ క్యాంపు పెట్టాలి, తాగునీళ్ళు పాడుచేయకూడదు. వాళ్ళు ఎలాగూ చెప్పబోయేదే కదా అని ఒక నమూనా తయారు చేశాను. ఊరి పేరు, తేదీ, ఫ్యాక్టరీ పేరు మారిస్తే చాలు. దీన్ని చూసి హెడ్డాఫీసులో ఒకాయన 'మీ మినిట్స్ మహా నీట్‌గా ఉంటాయండీ' అని మెచ్చుకున్నాడు కూడా. ఆ మెప్పుతో నాకు కొమ్ములొచ్చాయి.

మా ఆఫీసులో టైపు చేసే సీనియర్ అసిస్టెంట్ గారు ఒకావిడ ఉండేది. నోరు కాస్త చురుకు. ప్రతిసారీ టైపు చేస్తూ, "పెళ్ళి కాకుండానే ఆల్బం తయారవుతోంది సార్" అనేది. నేను నవ్వేసేవాణ్ణి. ఆ వారం ఆవిడ వాళ్ళ చెల్లెలి గృహప్రవేశానికని గురువారం నుంచి సెలవు పెట్టుకుంది. ముందురోజు పోతూ పోతూ రెండు సభల మినిట్సూ ఒకేసారి టైపు చేసి, రెండు ఆకుపచ్చ ఫోల్డర్లలో పెట్టి నా బల్ల మీద ఉంచింది. ఒకటి ఆ గురువారం జరగబోయే అట్టల ఫ్యాక్టరీ సభది. రెండోది ఆ తర్వాత బుధవారం కొండపల్లి అవతల జరగబోయే కంకర క్వారీ సభది.

ఇక చెప్పేదేముంది, గురువారం నాడు నేను రెండు ఫోల్డర్లూ జీపులో వేసుకెళ్ళి, బుధవారం ఫోల్డరు చంకలో పెట్టుకుని దిగాను.

ఆ ఊరు ఉయ్యూరు దాటాక చల్లపల్లి వెళ్ళే దారిలో లోపలికి ఉంటుంది. చెరుకూ వరీ తప్ప ఇంకేమీ కనిపించని చదును నేల. అక్కడ పాత కాగితాల నుంచి అట్ట తయారు చేసే ఒక చిన్న ఫ్యాక్టరీ ఉంది. దాన్ని రెండింతలు చేస్తామని వాళ్ళ అర్జీ. వాడిన నీళ్ళను శుద్ధి చేసి, ఊరి పక్కనుంచి పోయే మురుగు కాలవలోకి వదులుతామని వాళ్ళ రిపోర్టు. మురుగు కాలవ ఊరికి దిగువగా సముద్రం వైపు పోతుంది. ఊరి మంచినీళ్ళ చెరువు ఎగువన ఉంది. మ్యాపు చూస్తే ఏ గొడవా లేదు. నేనూ చూశాను, మా ఆఫీసు అధిపతి పెద్దసారు గారూ చూశారు. గొడవ లేదని ఇద్దరం తల ఊపుకున్నాం.

హైస్కూలు మైదానంలో షామియానా వేశారు. అధ్యక్షతకు జాయింట్ కలెక్టరు గారు వచ్చారు. చిన్నవయసు ఆవిడ, కొత్తగా పోస్టింగు. ఆవిడ పక్కన మా పెద్దసారు, ఆయన పక్కన నేను. సభ మొదలైంది. సర్పంచి మాట్లాడాడు, రైతులు మాట్లాడారు, ఉద్యోగాలన్నారు, మొక్కలన్నారు, రోడ్డన్నారు. నా ఫోల్డరులో అన్నీ ఉన్నాయి కదా అన్న ధీమాతో నేను ప్యాడు మీద కొండపల్లి అంబారీ ఏనుగు బొమ్మ గీస్తూ కూర్చున్నాను.

అప్పుడు ఒకావిడ మైకు దగ్గరికి వచ్చింది. యాభై పైబడిన మనిషి. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపి ఉన్నాయి, చేతిలో తాళాల గుత్తి.

"నేను పంచాయతీ మంచినీళ్ళ చెరువు కాడ మోటారు వేసేదాన్నండి" అంది. "ఫ్యాక్టరీ నీళ్ళు మురుగు కాలవలోకి వదుల్తామంటన్నారు. ఆ మురుగు కాలవ వెనక్కి నడుస్తదండి. ముందు అది చూసుకోండి."

కుర్చీల్లో కొందరు నవ్వారు. నేనూ నవ్వాను. నీళ్ళు వెనక్కి నడవడమేమిటి, నా ఇంజినీరింగు డిగ్రీకి అవమానం కాకపోతే! ఆవిడ ఇంకా ఏదో చెబుతూనే ఉంది. నేను ఏనుగుకు గంట తగిలించే పనిలో పడ్డాను. ఆవిడ చెప్పింది రెండు నిమిషాలో మూడు నిమిషాలో ఉంటుంది. ఆ మాటల్లో ఒక్కటి కూడా నా చెవిన పడలేదు.

ఒంటిగంటన్నరకు మాట్లాడేవాళ్ళు అయిపోయారు. జాయింట్ కలెక్టరు గారు, "మినిట్స్ చదవండి" అన్నారు. మైకంటే నాకు ప్రాణం. కాలేజీ రోజుల్లో నాటకాలాడినవాణ్ణి. గొంతు సవరించుకుని, పైనున్న ఊరి పేరూ తేదీ జోలికి పోకుండా నేరుగా విషయం అందుకున్నాను. మొదటి పేజీ అంతా ఉద్యోగాలూ మొక్కలే కాబట్టి సాఫీగా పోయింది. పేజీ తిప్పాను.

"క్వారీలో పేలుళ్ళు జరిపినప్పుడు, కొండ దిగువనున్న తమ ఇళ్ళ గోడలు బీటలు వారుతున్నాయని గ్రామస్తులు తీవ్ర ఆవేదన వ్యక్తం చేశారు" అని చదివాను. 'ఆవేదన' దగ్గర గొంతు కాస్త వణికించాను కూడా. అదే ఊపులో, "కొండ మీద మేకలు మేపుకునే దారి మూసుకుపోతుందని..." దాకా వెళ్ళాక, ఏదో తేడాగా ఉందని అనిపించింది. తలెత్తి చూశాను. నాలుగు వందల మంది నోళ్ళు తెరుచుకుని నన్నే చూస్తున్నారు. వాళ్ళ వెనక, కనుచూపు మేర, చేత్తో అద్దినట్టు చదునుగా వరిచేలు.

వెనక వరసలోంచి ఎవరో అన్నారు. "మనకి కొండ ఎప్పుడిచ్చార్రా?"

"ఇస్తే ఉంచుకుందాంలే" అన్నాడు ముందు వరసలో ఒక పెద్దాయన. "కృష్ణ పొంగినప్పుడు ఎక్కి కూర్చోటానికి పనికొస్తది."

షామియానా లేచిపోయేలా నవ్వారు. ఫ్యాక్టరీ మేనేజరు కూడా రుమాలు అడ్డం పెట్టుకుని నవ్వాడు. మా పెద్దసారు నా వైపు వంగి, "పాత కాగితం కలిసిందని చెప్పండి" అన్నారు గుసగుసగా.

"పాతది కాదు సార్, ఇంకా జరగనిది" అన్నాను నేను.

మైకు ఆపలేదన్న సంగతి అప్పుడు తెలిసింది. నా మాట స్కూలు గోడలకు తగిలి మళ్ళీ నాకే వినిపించింది.

జాయింట్ కలెక్టరు గారు చెయ్యి చాపారు. కాగితాలు ఇచ్చాను. ఆవిడ మొదటి పేజీ చూసి, "ఇందులో తేదీ వచ్చే బుధవారం అని ఉందేంటండీ?" అన్నారు. నేను జవాబు వెతుక్కుంటుండగా మా జీపు డ్రైవరు పరుగెత్తుకొస్తూ కనిపించాడు. చేతిలో రెండో ఆకుపచ్చ ఫోల్డరు. పాపం, నన్ను కాపాడుతున్నాననే అనుకున్నాడు. "సార్, మనది ఇది సార్! సీట్లో ఉండిపోయింది. నిన్న టైపు చేయించింది ఇదేనండీ!" అని అరుస్తూ వేదిక ఎక్కాడు. ఆ 'నిన్న' అన్న మాట నాలుగు వందల మందీ స్పష్టంగా విన్నారు.

నవ్వులు ఈసారి అంత గట్టిగా రాలేదు. ఆ తాళాల గుత్తి ఆవిడ లేచి నిలబడింది.

"ఏవండీ, దాంట్లో నేను చెప్పింది ఉందా?"

అందరూ నా వైపు చూశారు. నిజం చెప్పొద్దూ, నాకు దారి దొరికింది. నా నమూనాలో తాగునీళ్ళ గురించి ఎప్పుడూ ఒక వాక్యం ఉంటుంది. పెద్దసారుకూ అదే గుర్తొచ్చినట్టుంది, కళ్ళతోనే 'చదవండి' అన్నారు. ఫోల్డరు తెరిచి, వెతికి, చదివాను. "తాగునీటి వనరులు కలుషితం కాకుండా తగిన చర్యలు తీసుకోవాలని గ్రామస్తులు కోరారు."

"అది నేను చెప్పింది కాదండి" అంది ఆవిడ. "అది ఎవరైనా చెప్తారు. నేను ఏం చెప్పానో చదవండి."

ఫోల్డరులో లేదు. ప్యాడు మీద ఏనుగుంది. బుర్రలో వెతికాను, 'వెనక్కి నడుస్తదండి' అన్నంత వరకే ఉంది. ఆ ఊరు తాగే నీళ్ళ గురించి, ఆ నీళ్ళు రోజూ తోడి పోసే మనిషి మూడు నిమిషాలు చెబితే, ప్రభుత్వం తరఫున వినడానికి జీతం తీసుకుంటున్న నేను వినలేదు. నేను అంతకుముందూ తప్పులు చేశాను, తిట్లు తిన్నాను, కానీ అంత సిగ్గు ఎప్పుడూ వేయలేదు.

"వినలేదమ్మా" అన్నాను. మైకులోనే అన్నాను. "మీరేం చెప్పారో నేను వినలేదు. నిన్ననే రాయించుకొచ్చాను."

ఆవిడ కోప్పడుతుందనుకున్నాను. కోప్పడితే కాస్త తేలికయ్యేది. "సర్లెండి, ఒప్పుకున్నారు" అంది, అంతే.

జాయింట్ కలెక్టరు గారు పెన్ను మూసేశారు. ఊరివాళ్ళ వైపు తిరిగి, "ఈ సభ చెల్లదని రద్దు చేయొచ్చు. అప్పుడు పేపర్లో మళ్ళీ ప్రకటన ఇచ్చి, నెలరోజులు ఆగి, మళ్ళీ పెట్టాలి. లేదంటే అందరూ ఉన్నారు కాబట్టి ఇప్పుడే, మీ ముందే, మళ్ళీ మొదటి నుంచి విని రాయిస్తాను. మీరే చెప్పండి" అన్నారు.

గుసగుసలు మొదలయ్యాయి. ఫ్యాక్టరీ వాళ్ళ ముఖాలు వాడిపోయాయి, నెల ఆగడం వాళ్ళకు ఇష్టం లేదు. ఆ మోటారు ఆవిడే తేల్చేసింది.

"మళ్ళీ పెడితే మళ్ళీ రాసుకునే వస్తారండి. ఇప్పుడే రాయించండి. ఆయనగారి చేతే రాయించండి."

మళ్ళీ నవ్వులు. ఈసారి నేను కూడా నవ్వాను, ఇంక పోవడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు కదా.

పంచాయతీ కార్యదర్శి రూళ్ళ కాగితాలు తెచ్చి ఇచ్చాడు. వేదిక మీద రాయడానికి ఎత్తు కుదరక, దిగి పిల్లల బెంచీ మీద కూర్చున్నాను. మొదట మోటారు ఆవిణ్ణే పిలిచాను. "చెప్పండమ్మా" అన్నాను.

"చెప్తే మీకు ఎక్కదండి. రండి, చూపిస్తా" అంది.

జాయింట్ కలెక్టరు గారు చెప్పులు చేత్తో పట్టుకుని ముందు నడిచారు. వెనక పెద్దసారు, నేను, ఫ్యాక్టరీ మేనేజరు, ఆయన తెచ్చుకున్న కన్సల్టెంటు, వాళ్ళ వెనక ఊరు ఊరంతా. మురుగు కాలవ గట్టు మీద పావుగంట నడిచాం. వంతెన దగ్గర కాలవంతా గుర్రపుడెక్క. నీళ్ళు కనిపించనంత దట్టంగా, ఊదారంగు పూలతో, చూడ్డానికి బాగానే ఉంది. ఆవిడ చెప్పుకుంటూ వచ్చింది. ఈ గుర్రపుడెక్క అడ్డం పడితే నీళ్ళు కిందికి పోవు. పోకపోతే ఎగదన్నుతాయి. ఎగదన్నిన నీళ్ళు చెరువు దాకా వస్తాయి. చెరువులోకి నీళ్ళు తెచ్చే పిల్లకాలవకూ ఈ మురుగు కాలవకూ మధ్య గట్టు ఒకచోట తెగి ఉంది. ఏటా వేసవికి పంట కాలవ కట్టేసి నీళ్ళు ఆపేయకముందే చెరువు నింపుకోవాలి, సరిగ్గా అప్పుడే ఇది జరుగుతుంది.

"మ్యాపులో వాలు అటు వైపుందండీ" అన్నాడు కన్సల్టెంటు, సముద్రం వైపు చూపిస్తూ.

"కాలవకి మ్యాపు చదవటం రాదు గదండీ" అంది ఆవిడ.

వంగి, ఒక గుర్రపుడెక్క ఆకు తుంచి, ఎగువన తెరిపిగా ఉన్న నీళ్ళలోకి విసిరింది. అందరం చూస్తున్నాం. ఆకు కాసేపు ఉన్నచోటే తిరిగింది. తర్వాత మెల్లగా, తీరిగ్గా, చెరువు వైపు కదిలింది. మూరెడు పోయింది, బారెడు పోయింది. నేను ఆ ఆకు వెంటే గట్టు మీద నడిచాను, నమ్మలేక. తెగిన గట్టు దాకా నన్ను తీసుకెళ్ళి ఆగింది. అక్కడ నిలబడి చూస్తే చెరువు పక్కనే మోటారు షెడ్డు కనిపిస్తోంది.

మా పెద్దసారు ఆయన గొంతులో నేనెప్పుడూ వినని మెత్తదనంతో, "రాయండి" అన్నారు.

అక్కడే గట్టు మీద కూర్చుని రాశాను. రాసింది చదివాను. ఆవిడ, "వంతెన దగ్గర అని కాదండి, వంతెనకి ఎగువన అని రాయండి. కింద వదిలితే మాకు బాధ లేదు" అని దిద్దింది. కొట్టేసి రాశాను. మేనేజరు మంచివాడే, "పైపు ఇంకో అర కిలోమీటరు లాగితే వంతెన దిగువకు పోతుంది కదా" అని తనలో తాను అనుకుంటున్నట్టుగా అన్నాడు. అది కూడా రాశాను, ఆయన పేరు మీదే.

స్కూలుకు తిరిగొచ్చాక మిగతావాళ్ళంతా వరసకట్టారు. నా జీవితంలో అంత మంది మాటలు అంత శ్రద్ధగా ఎప్పుడూ వినలేదు. ఒకాయన, "నేనేం మాట్లాడలేదండి, అదే రాయండి" అన్నాడు. రాశాను. ముందు వరస పెద్దాయన వచ్చి, "ఆ కొండ సంగతి కొట్టేయకండే" అని నా భుజం తట్టి వెళ్ళాడు. అప్పటికి పులిహోర పొట్లాలు చల్లారి గట్టిపడ్డాయి. నాలుగు గంటలకు ఆరు పేజీలు మొదటి నుంచి చివరి దాకా చదివాను, ఈసారి గొంతు వణికించలేదు. సంతకాలయ్యాయి. జాయింట్ కలెక్టరు గారు కారెక్కబోతూ, "మీ చేతిరాత బాగుందండీ, ఇక టైపింగు మానేయండి" అన్నారు.

తర్వాతేం జరిగిందో చెప్పాలి కదా. మెమో వచ్చింది. 'ఇంకా జరగని సభకు మినిట్స్ ఏ కారణం చేత తయారు చేశారో వివరణ ఇవ్వవలసింది' అని. 'బద్ధకం వల్ల' అని ఒక్క ముక్క రాశాను. మా పెద్దసారు తలపట్టుకుని, "బద్ధకం అని ఎవరైనా రాస్తారటండీ? సమయాభావం అనండి" అన్నారు. నేను వినలేదు. ఫలితంగా నా ప్రమోషను రెండేళ్ళు ఆలస్యమైంది. మా ఆవిడ ఆ రెండేళ్ళూ నన్ను మినిట్స్ అన్న మాట ఎత్తనివ్వలేదు. టైపు చేసే ఆవిడ సెలవు నుంచి తిరిగొచ్చి విషయం విని, పాపం, నవ్వు ఆపుకోవడానికి రికార్డు రూములోకి వెళ్ళిపోయింది.

బుధవారం క్వారీ సభకు తెల్లకాగితాలు పట్టుకుని వెళ్ళాను. అక్కడ ఒక మేకల కాపరి నా చేతిలోని కాగితాలు చూసి పక్కవాడితో, "ఈయనేందిరా, ఏం రాసుకోకుండా ఉత్త కాగితాల్తో వచ్చాడు?" అన్నాడు. ఉద్యోగంలో కొన్నింటికి న్యాయం ఉండదు. చెప్పొచ్చేదేమిటంటే, ఆ సభలో గోడల బీటల గురించి ఒక్కరూ మాట్లాడలేదు. వాళ్ళ బాధంతా స్కూలు పిల్లలు నడిచే దారిలో లారీల గురించి. నా నమూనాలో లారీల ఊసే లేదు.

అట్టల ఫ్యాక్టరీకి ఏడాది తర్వాత అనుమతి వచ్చింది, షరతులతో. అందులో ఒకటి, శుద్ధి చేసిన నీళ్ళు వంతెనకు దిగువనే వదలాలని. పైపు వేశారో లేదో చూసి రిపోర్టు ఇవ్వడానికి నన్నే పంపారు. వేశారు. గట్టు కూడా పూడ్చారు. పొద్దున్నే పని అయిపోయింది, జీపు ఎక్కి వచ్చేయొచ్చు. కానీ కాళ్ళు చెరువు వైపే నడిచాయి.

మోటారు షెడ్డు తాళం తీస్తూ ఆవిడ నన్ను చూసింది. "ఏవండీ, ఇవాళ ఏం రాసుకొచ్చారు?" అంది. ఆర్డరు చూపించాను. అది ఇంగ్లీషులో ఉంది. "చదివి చెప్పండి" అంది. తెలుగులో చెప్పాను. తన మాటే దాదాపు అలాగే ఉందని గర్వంగా చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను.

"సగమే రాశారండి" అంది. "కింద వదిలితే బాధ లేదని ఆ రోజు నేనూ అన్నాను గానీ, గుర్రపుడెక్క ఎవరు తీస్తారో రాయలేదు. అది అడ్డం పడితే వంతెన కింద నుంచి కూడా ఎక్కుద్ది. కాస్త ఆలస్యంగా ఎక్కుద్ది, అంతే."

ఆ రోజు ఆకు వెంట నడిచినవాణ్ణి నేనే. ఆరు పేజీలు రాసినవాణ్ణి నేనే. ఇంత ముఖ్యమైనది నాకూ తోచలేదు, పైవాళ్ళకూ తోచలేదు.

"ఆర్డరు మార్చడం నా చేతిలో లేదమ్మా" అన్నాను. "నేను రిపోర్టే రాయగలను. పైవాళ్ళు చూసి ఫ్యాక్టరీ వాళ్ళకు చెప్పాలి."

"మరింకేం, రిపోర్టే రాయండి" అంది.

షెడ్డు అరుగు మీద కూర్చుని మొదలుపెట్టాను. ఆవిడ తాళాలు ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా కూర్చుంది. ఏడాదికోసారి గుర్రపుడెక్క తీయించాలని రాసి చదివితే, "రెండుసార్లండి. వానలకి ముందోసారి, కాలవ కట్టేసే ముందోసారి" అంది. మార్చాను. ఇంతలో ఆవిడ ఫోను మోగింది. నీళ్ళు ఇంకా రాలేదేమని ఊళ్ళోంచి ఎవరో కేకలేస్తున్నారు, నాకు కూడా వినిపిస్తోంది.

"ఆగండి" అంది ఆవిడ ఫోనులో. "ఆఫీసరు గారు రాస్తన్నారు."

పూర్తిచేసి, మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించాను. ఎక్కడా ఆపకుండా వింది. "ఇంకేమన్నా వదిలేశానా అమ్మా?" అని అడిగాను. కాసేపు ఆలోచించింది. లేదన్నట్టు తల ఊపింది. అప్పుడు లేచి లోపలికి వెళ్ళి మోటారు స్విచ్చి వేసింది.